కొండెక్కే బట్టలు: ఎక్కడ ఏది మన్నుతుంది, ఏది కాపాడుతుంది?

శీతాకాలంలో హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్లేవారికి గైడ్లు ముందుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది: నూలు బనియన్లు, జీన్స్ ప్యాంట్లు వద్దని. మండుటెండలో మనకు హాయినిచ్చే నూలు, మంచుకొండ మీద ప్రమాదం ఎందుకవుతుంది?

ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. కొండ ఎక్కుతుంటే చెమటకు బనియను తడుస్తుంది. ఆగి కూర్చోగానే ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, బట్ట మాత్రం ఆరుతూనే ఉంటుంది. అందులో 200 మిల్లీలీటర్ల చెమట ఉందనుకుందాం. అది ఆవిరి కావడానికి 4.8 లక్షల జౌళ్లు కావాలి. 60 కిలోల మనిషి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గాలంటే సుమారు 2.1 లక్షల జౌళ్లు పోతే చాలు. ఆ వేడంతా ఒంట్లోంచే పోయి, శరీరం దాన్ని పూడ్చుకోలేకపోతే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు పైగా పడిపోతుంది. 37 డిగ్రీల సెల్సియస్ ఉండాల్సిన శరీరం 35 కంటే కిందికి దిగితే దాన్ని హైపోథర్మియా అంటారు. నిజానికి కొంత వేడి గాలి నుంచి వస్తుంది, వణుకు వల్ల మరికొంత పుడుతుంది. అలసిపోయి, ఆకలితో ఉన్నవారికి ఆ రక్షణ చాలకపోవచ్చు.

రెండో కారణం గాలి. చలి నుంచి మనల్ని కాపాడేది బట్ట పోగుల మధ్య చిక్కుకున్న గాలే. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. తడిసిన నూలులో గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. పాలిస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి త్వరగా ఆరుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపల దాచుకున్నా ఒంటికి తడిగా అనిపించదు.

అందుకే మంచుకొండల్లో మూడు పొరలు వేసుకోవాలి. ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా సన్నని ఉన్ని, దానిపై గాలిని పట్టి ఉంచే ఫ్లీస్, పైన గాలివానలను ఆపే జాకెట్. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు ఒక పొర తీసి, ఆగగానే వేసుకోవాలి. లద్దాఖ్ లాంటి ఎత్తైన ఎడారిలో అతినీలలోహిత కిరణాల తాకిడీ ఎక్కువే కాబట్టి పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ తప్పనిసరి.

పడమటి కనుమల్లో వానాకాలం కథ వేరు. వాన జాకెట్‌లోంచి చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కంటే బయట తేమ తక్కువ ఉండాలి. గాలి తేమతో నిండిపోయినప్పుడు ఎంత ఖరీదైన జాకెట్ అయినా లోపల తడుస్తుంది. అక్కడ చంకల కింద జిప్పులున్న జాకెట్, త్వరగా ఆరే చొక్కా మేలు. నల్లమల లాంటి పొడి అడవిలో ఎండవేళ వదులైన నూలు చొక్కా చల్లదనాన్నిస్తుంది. ముళ్లపొదల్లో నడవడానికి మాత్రం చిక్కగా నేసిన ప్యాంటు కావాలి.

ఇక మన్నిక. రాపిడికి నూలు కంటే నైలాన్ బాగా తట్టుకుంటుంది. రిప్‌స్టాప్ బట్టలో గళ్లుగళ్లుగా మందమైన దారాలుంటాయి, చిరుగు ఆ దారం దగ్గర ఆగుతుంది. లేబుల్ మీద కనిపించే డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం బరువు గ్రాముల్లో. ఒకే రకం బట్టల్లో అది పెరిగేకొద్దీ సాధారణంగా గట్టిదనమూ, బరువూ పెరుగుతాయి. బ్యాగు పట్టీలు రాసుకునే భుజాలు, మోకాళ్లు, కూర్చునే చోటు ముందుగా అరుగుతాయి కాబట్టి కొనేముందు అక్కడి కుట్లు చూడండి. నైలాన్‌ను ఎండ బలహీనపరుస్తుంది, నిప్పురవ్వ కరిగిస్తుంది. నీడన ఆరేయండి, చలిమంటకు దూరంగా ఉంచండి.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. మీ దగ్గరున్న చొక్కాలను తడిపి, ఒకేలా పిండి, నీడలో పక్కపక్కన ఆరేయండి. ముందుగా ఆరినదాన్ని చలికొండకు తీసుకెళ్లండి.