‘చాయ్’ అని బోర్డుంటే నిశ్చింతగా లోపలికెళ్ళండి!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన తల్లుల్ని ఒక్కసారి అడిగి చూడండి. ఇల్లు బాగుంది, కారు బాగుంది, మనవలు బాగున్నారు అంటారు. “మరి బయటికెళ్తే ఏం తిన్నారమ్మా?” అంటే మాత్రం నవ్వేసి ఊరుకుంటారు. ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి ఏ చైనా హోటలుకో, థాయ్ హోటలుకో వెళ్తే, పెద్దావిడ ముందు ఓ తెల్లన్నం గిన్నె, పక్కన ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగు డబ్బా! ఎన్ని కుటుంబాల్లో చూశానో ఈ దృశ్యం.

“ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే వండేసుకుంటే పోలా?” అంటారు మగవాళ్ళు. పోతుంది, నిజమే. కానీ వండేదెవరు? వారానికి ఒక్కపూట పొయ్యి ఆర్పి కాళ్ళు చాపుకుందామనుకున్న ఇల్లాలికి ఆ ఒక్కపూటా పోతుంది. అందుకే ఈ విషయం మీద నేను కాస్త పట్టుదలగానే తిరిగాను.

మేముండేది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో. పక్కనే మిల్పిటాస్, అది దాటితే శాన్‌హోసే. మనవాళ్ళ హోటళ్ళకి ఇక్కడ కొదవలేదు. కానీ ఇంట్లో తినే ఇడ్లీ సాంబారే బయటికెళ్ళీ తినాలంటే పిల్లలు మొహం ముడుచుకుంటారు. వాళ్ళకి ‘ఏషియన్’ కావాలి. ఏషియన్ అంటే ఇక్కడ మనం కాదండోయ్! చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, కొరియా, జపాన్ వంటలు. మనది ‘ఇండియన్’ అని వేరే లెక్క. మన బళ్ళమీద దొరికే గోబీ మంచూరియా చైనా వంట అనుకుని వెళ్తే అక్కడ ఆ పేరే ఎవరికీ తెలియదు. అది మన దేశంలో పుట్టిన చైనా వంట.

వెజిటేరియన్ అంటే సరిపోదు

మా అత్తయ్యగారు ఆరు నెలలుండటానికి వచ్చినప్పుడు ఒక చైనా హోటలుకి తీసుకెళ్ళాం. పేరెందుకులెండి. వడ్డించే అమ్మాయి సూపు తెచ్చిపెట్టి “వెజిటేరియన్, ఓన్లీ టోఫు” అంది. చెంచా ముట్టుకోకముందే “ఈ నీళ్ళు దేనితో కాచారు?” అని అడిగాను. “చికెన్‌తో” అంది చాలా మామూలుగా! వాళ్ళది మోసం కాదు. ముక్క కంటికి కనబడకపోతే వాళ్ళ లెక్కలో అది శాకాహారమే.

కాబట్టి ఏం పేరు చెప్పి అడగాలో తెలియాలి మనకి. వియత్నాం, థాయ్ వంటల్లో మనం ఉప్పు వేసినంత మామూలుగా ఫిష్ సాస్ వేస్తారు. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన నీరు అది. కూరల్లోనే కాదు, పచ్చి బొప్పాయి కోరుతో చేసే సలాడ్‌లో కూడా ఉంటుంది. పైగా అందులో ఎండురొయ్యలు! థాయ్ కూరలకి నూరే ముద్దలో తరచుగా రొయ్యల ముద్ద కలుస్తుంది కనక, “ముక్కలు తీసేసి ఇవ్వండి” అంటే లాభం లేదు. పాడ్ థాయ్ అనే నూడుల్స్‌లో చింతపండు పులుసు ఉంటుందని మనవాళ్ళు సంబరపడతారు. ఫిష్ సాస్, కోడిగుడ్డు కూడా ఉంటాయి మరి. చైనావాళ్ళ కాయగూరల వేపుడులో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సాస్ పడుతుంది. జపాన్ వాళ్ళ మీసో సూపు చూడ్డానికి మన చారులా ఉంటుంది కానీ మామూలుగా దాన్ని కాచేది ఎండుచేప తురుముతో. కొరియావాళ్ళ ఊరగాయ కిమ్చీలోనూ చాలావరకు రొయ్యలో, చేపలో ఊరి ఉంటాయి.

టోఫు అనగానే నిశ్చింత అనుకోకండి. మాపో టోఫు అనే వంటకంలో ఖీమా కలుపుతారు.

ఒక చిన్న కిటుకు చెబుతాను. అమెరికాలో ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు తినేవాళ్ళూ అందులోకే వస్తారు. చేప మాంసం కాదనుకునేవాళ్ళూ ఉన్నారు. అదే ‘వీగన్’ అని అడిగితే మాంసం, చేప, గుడ్డు అన్నీ పోతాయి. పాలూ పోతాయనుకోండి, ఒక్కపూట పెరుగు లేకపోతే ఏం? అదీ చెప్పి ఊరుకోకుండా “నో ఫిష్ సాస్, నో ఆయిస్టర్ సాస్, నో చికెన్ బ్రాత్, నో ఎగ్” అని విడివిడిగా చెప్పండి. నోరు తిరక్కపోతే కాగితం మీద రాసి వంటింట్లోకి పంపమనండి. ఏమీ అనుకోరు.

మరి నిశ్చింతగా తినే చోటు?

ఉంది! బౌద్ధుల శాకాహార హోటళ్ళు. 1975లో సైగాన్ పడిపోయాక అమెరికా వచ్చిన వియత్నాం వాళ్ళలో చాలామంది ఇటు స్థిరపడ్డారు. ఒక్క శాన్‌హోసేలోనే లక్షమందికి పైగా ఉన్నారు. వాళ్ళలో బౌద్ధ కుటుంబాలు చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. అంటే మన అమావాస్య, పున్నమి లెక్కన్నమాట! ఆ శాకాహారాన్ని వాళ్ళు ‘చాయ్’ అంటారు. బోర్డు మీద ఇంగ్లీషులో సి, హెచ్, ఏ, వై అనే నాలుగక్షరాలు వెతకండి. మా అత్తయ్యగారు కూడబలుక్కుని చదివి “ఇదేదో టీ కొట్టులా ఉందే” అన్నారు. “తోయ్ అన్ చాయ్” అంటే ‘నేను శాకాహారిని’ అని. ఈ ముక్క చెబితే వాళ్ళ మొహాలు విప్పారడం చూడాలి!

చైనావాళ్ళ దాంట్లో ఆ మాట ‘సు’. “వో చీ సు” అని అడగండి. వాళ్ళ అక్షరాన్ని గుర్తుపట్టడమూ కష్టం కాదు. పైన మూడు అడ్డగీతలు, వాటిని కోస్తూ ఒక నిలువుగీత, కింద దారం మెలితిప్పినట్టు ఉంటుంది. కొన్ని హోటళ్ళ మీద, సరుకుల పొట్లాల మీద మన స్వస్తిక్‌ని అద్దంలో చూసినట్టు తిరగేసి వేస్తారు. అదీ బౌద్ధుల గుర్తే. థాయ్ వాళ్ళది ‘జే’. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, దూరానికి మన కంటికి 17 అంకెలా కనబడతాయి. చాలా ఏళ్ళు మన దేవీ నవరాత్రుల రోజుల్లోనే వాళ్ళకీ తొమ్మిది రోజుల శాకాహార పండుగ వస్తుంది, ఆ రోజుల్లో ఈ జెండాలు ఎక్కువగా కడతారు.

ఇంకో ముచ్చట. కట్టుదిట్టంగా ఉండే బౌద్ధ వంటల్లో ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల జాతివి కూడా వేయరు. కార్తీకమాసం పట్టేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి! అయితే వాళ్ళు వదిలేసే అయిదు ఘాటు దినుసుల జాబితాలో ఇంగువ కూడా ఉందట తెలుసా? ఉల్లి మానేసినరోజే మనం రెండింతలు ఇంగువ వేస్తామని చెబితే అక్కడి ఆవిడ పడీపడీ నవ్వింది. అన్ని చాయ్ హోటళ్ళూ ఈ నియమం పాటించవు కనక ఉల్లి సంగతి మాత్రం అడిగే తినండి.

ఏం తినాలి?

పెద్దవాళ్ళకి మొదట ‘బాన్ సేవ్’ చెప్పండి. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పోసిన అట్టు అది. లోపల మొలకలు, పెసరపప్పు, పుట్టగొడుగులు పెట్టి మడుస్తారు. పెనం మీద పోసినప్పుడు వచ్చే చుయ్యిమనే చప్పుడే దాని పేరు! పుదీనా, ఆకుకూరల్లో చుట్టుకుని సాస్‌లో అద్దుకు తినాలి. మా అత్తయ్యగారు ఆకులు పక్కన పెట్టేసి అట్టు మాత్రం అంచులతో సహా ఖాళీ చేశారు. తూటికూర వేపుడు, మట్టి గిన్నెలో వంకాయ కూర, కాకరకాయలో టోఫు కూరి కాచిన పులుసు ఉంటాయి. దాల్చినచెక్క, అనాసపువ్వు, ముల్లంగి వేసి కాచిన నీళ్ళతో చేసే నూడుల్స్ సూపు పిల్లలకి. తీపి కావాలంటే అరటిపండు, సగ్గుబియ్యం వేసిన కొబ్బరిపాల పాయసం దొరుకుతుంది.

ఒక్క విషయం ముందే చెప్పి తీసుకెళ్ళండి. మెనూ కార్డు తెరిస్తే చికెన్, ఫిష్, ష్రింప్ అని ఉంటుంది! కంగారు పడకండి. పిండిని నీళ్ళలో కడిగి కడిగి గంజి పోగొడితే మిగిలే గోధుమ జిగురుతోనూ, సోయాతోనూ చేసిన ఉత్తుత్తి మాంసం అది. చేప వంటకానికైతే సోయా పాల మీగడ మడిచి, చర్మంలా కనబడాలని సముద్రపు నాచు చుడతారు. పిల్లలు ఎగబడి తింటారు. మా అత్తయ్యగారు మాత్రం “ఆ ఆకారం చూస్తే గొంతు దిగదమ్మా” అన్నారు. నాకూ అంతే అనిపిస్తుంది. పెద్దవాళ్ళని బలవంతపెట్టకుండా కూరగాయల పేజీ తీసి ఇవ్వండి. ఇలాంటి సరుకు చైనా దుకాణంలో పొట్లంగా కొనేటప్పుడు కొన్నింట్లో గుడ్డు తెల్లసొన కలుస్తుంది, వెనక అట్ట చదివి మరీ కొనండి.

ఎక్కడ వెతకాలి?

ఈ హోటళ్ళు పెద్ద రోడ్డు మీద దీపాలు పెట్టుకుని ఉండవు. శివారు ఊళ్ళలో ఒక చైనా కిరాణా షాపు, ఒక బ్యాంకు, ఒక గోళ్ళ సెలూను ఉన్న వరసలో ఓ మూల నాలుగు బల్లలతో ఉంటాయి. కాబట్టి 99 రాంచ్ లాంటి పెద్ద చైనా దుకాణం ఎక్కడుందో చూసుకుని ఆ ఆవరణంతా ఒకసారి నడవండి. లవింగ్ హట్ అనే పేరున్న హోటళ్ళు పూర్తిగా వీగన్, మీ ఊళ్ళో శాఖ ఉందేమో ఫోనులో చూడండి. లాస్ ఏంజిలిస్ దగ్గరివాళ్ళకి వెస్ట్‌మిన్‌స్టర్, గార్డెన్ గ్రోవ్ ఊళ్ళున్నాయి. అటే హసియెండా హైట్స్‌లో 1988లో పూర్తయిన షీలాయ్ బౌద్ధాలయం చూసి రావచ్చు. ఇలాంటి ఆలయాల్లో మధ్యాహ్నం శాకాహార భోజనం పెట్టడం మామూలే, వెళ్ళేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. వాషింగ్టన్ వైపు వాళ్ళకి ఫాల్స్ చర్చ్‌లో ఈడెన్ సెంటర్, హ్యూస్టన్ వాళ్ళకి బెలెయిర్ బులవార్డ్ వియత్నాం వాళ్ళు ఎక్కువగా తిరిగే చోట్లు. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి.

ఫోన్ చేసేది మధ్యాహ్నం మూడింటప్పుడైతే ఓపిగ్గా జవాబు చెబుతారు. భోజనాల వేళప్పుడు చేస్తే ‘యస్ యస్’ అని పెట్టేస్తారు. ఇక పున్నమినాడు వెళ్తే మాత్రం పదకొండున్నరకల్లా చేరుకోండి. ఆరోజు వాళ్ళ ముసలమ్మలంతా మనవల్ని వెంటేసుకుని వస్తారు, కుర్చీ దొరకదు.