దమ్ముకు మందు: పుస్తకంలో ఉన్నది, పోస్టర్‌లో లేనిది

చరక సంహిత చికిత్సా స్థానం 17వ అధ్యాయం ఎక్కిళ్ళకూ ఆయాసానికీ సంబంధించినది. ఆయాసం ఎందుకొస్తుందో చెబుతూ ముందుగా పేర్కొన్నవి దుమ్ము, పొగ, గాలి. ఆ వెంటే చల్లటి చోటు, చన్నీళ్ళు. రాసినవాళ్ళు భూపాలపల్లి చూసి ఉండరు. చూసినా మార్చాల్సిన పని పడేది కాదు. అక్కడ సింగరేణి కేటీకే గనులు, ఓపెన్‌కాస్టు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ కేంద్రం. మహబూబాబాద్ వైపు ఎండాకాలం మొదట్లో కల్లాల నిండా మిర్చి. తాలుకాయ ఏరే ఆడవాళ్ళు ముక్కుకు కొంగు చుట్టుకున్నా తుమ్ములు ఆగవు. జనగామలో జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు.

మనం దమ్ము అనేదాన్ని ఆయుర్వేదం తమక శ్వాస అంటుంది. ఐదు రకాల శ్వాస రోగాల్లో అదొకటి. లక్షణాలు చదివితే నేటి డాక్టరు కూడా గుర్తుపడతాడు: పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయం, కఫం తెగి పడితే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది, మబ్బు పట్టినా తూర్పు గాలి తిరిగినా ఎక్కువవుతుంది. ఆ తర్వాత చరకుడు చెప్పిన మాటే అసలైనది. ఇది కొత్తగా వచ్చినదైతే మానుతుంది, ముదిరితే అదుపులో ఉంచుకోవాల్సిందే తప్ప పూర్తిగా పోదు. ‘ఉబ్బసం శాశ్వత నివారణ’ అని బస్టాండు గోడల మీద అంటించేవాళ్ళకు ఈ శ్లోకం దాకా చదివే తీరిక దొరికినట్టు లేదు.

చికిత్స వరుస కూడా అర్థమయ్యేదే. ముందు ఛాతీకి ఉప్పు కలిపిన నూనె రాసి కాపడం పెట్టాలి. గడ్డకట్టిన కఫం పలచబడ్డాక బయటికి పంపాలి. మనిషి బలంగా ఉంటే వమనం, అంటే వాంతి చేయించాలి. అది వైద్యుడి ఎదుట జరగాల్సిన పని, వంటింట్లో కాదు. ఆ తర్వాతే పొడులు, కషాయాలు, లేహ్యాలు.

వాటిలో అడ్డసరం మన చేను గట్టు మీదిదే. మేకలు ముట్టవు కనుక కంచెకు పనికొస్తుంది. ఆ ఆకులోని వాసిసిన్‌ను ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, దాన్నుంచి అంబ్రాక్సాల్. మెడికల్ షాపులో కఫం కరగడానికని ఇచ్చే సిరప్ సీసా మీద చూడండి, చాలాసార్లు ఈ రెంటిలో ఒకటి ఉంటుంది. ఆకు పనిచేస్తుంది కనుకే గర్భిణులకు వద్దంటారు. పనిచేసే మందుకే వద్దనే మాట కూడా ఉంటుంది.

సితోపలాది చూర్ణంలో రహస్యమేమీ లేదు. పటిక బెల్లం 16 పాళ్ళు, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. మొత్తం 31లో 16 తీపే. పిల్లలు మారాం చేయకుండా నాకేస్తారు, షుగరున్న తాత మాత్రం అడిగి వేసుకోవాలి. శ్వాసకుఠార రసం సంగతి వేరు. అందులో పాదరసం, గంధకం, వత్సనాభి, ఆర్సెనిక్ ఉన్న మణిశిల కలుస్తాయి. పక్కింటాయనకు పడిందని తెచ్చుకునే మాత్ర కాదది. పేరూ ఊరూ లేని పొట్లం పొడి రెండు రోజుల్లో దమ్ము దించేస్తే సంతోషించే ముందు అనుమానించాలి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలపడం డాక్టర్లకు కొత్త కబురేం కాదు.

ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం దమ్ముకని ఇచ్చే చేప ప్రసాదానికి ఈ జిల్లాల నుంచీ వెళ్తారు. కొర్రమీను పిల్ల నోట్లో పెట్టే మందేమిటో కుటుంబం చెప్పదు. ఆయుర్వేద గ్రంథాలు పాళ్ళతో సహా రాసిపెట్టాయి. రెండింటినీ ఒకే గాటన కట్టడం గ్రంథకర్తలకు అన్యాయం.

కారణాన్ని తొలగించడమే క్లుప్తంగా చికిత్స అన్నాడు సుశ్రుతుడు. భూపాలపల్లిలో అది బొగ్గు లారీల దారి మీద నీళ్ళు చల్లే ట్యాంకరు. కల్లంలో మంచి మాస్కు, గాలివాలుకు ఎదురుగా కూర్చోకపోవడం. ఇంట్లో కట్టెల పొయ్యి బదులు గ్యాసు. వీటిలో సగం రోగి చేతిలో లేనివే, అందుకే చీటీ మీద ఎవరూ రాయరు.

ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్ళు కషాయం మొదలుపెట్టామని దాన్ని పక్కన పడేయకూడదు. ఇద్దరు వైద్యులకూ రెండు మందుల సంగతీ చెప్పాలి. ఒక్క మాట పూర్తిచేయలేనంతగా ఊపిరి ఆడకపోతే, పెదాలు నీలిరంగుకు తిరిగితే 108కి ఫోన్ చేయాలి; అప్పుడు శొంఠి దంచే సమయం ఉండదు. గనిలో ఏళ్ళ తరబడి పీల్చిన బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడితే ఏ లేహ్యమూ దాన్ని వెనక్కి తిప్పదు, ముందు ఎక్స్‌రే తీయించాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు అడ్డసరం కంటే ముందు కఫం పరీక్ష. టీబీ అని తేలితే మందులు సర్కారు దవాఖానలో ఉచితమే, మామూలు రకమైతే ఆరు నెలల కోర్సు.