కార్మిక చట్టములును కర్మాగారముల స్థాననిర్ణయమును

బెంగుళూరునుండి ఉత్తరముగా పోవు 44వ జాతీయ రహదారి చిక్కబళ్ళాపురము, బాగేపల్లి దాటి ఆంధ్రదేశమున ప్రవేశించును. బాట ఒక్కటే, సరిహద్దునకు ఇరువైపుల వినవచ్చు భాషయు చాలవరకు తెలుగే. అయినను కర్మాగారములు ఒకచోట నిలిచి మరియొకచోట నిలువకుండుటకు కారణమేమి? చట్టము కఠినముగానున్నచోటికి యజమాని రాడని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట సగము మాత్రమే నిజము.

1909లో జర్మను పండితుడు ఆల్ఫ్రెడ్ వెబర్ పరిశ్రమల స్థానమునుగూర్చి గ్రంథము వ్రాసి, రవాణా వ్యయము, కూలి, పరిశ్రమలు ఒకచోట గుమిగూడుటవలని లాభము అను మూడింటిని ముఖ్యములుగా నెంచెను. చట్టము తాకునది వీనిలో ప్రధానముగా కూలిని. అది ఎంత గట్టిగా తాకునన్నది పరిశ్రమ యొక్క బరువునుబట్టి యుండును.

బీడీ పనికి ఆకు, పొగాకు, కత్తెర, చేట చాలును. 1966లో బీడీ కార్మికులకై కేంద్రచట్టము వచ్చినది. కేరళ ప్రభుత్వము దానిని అమలుపరుపబూనగా, 1968లో మంగళూరు గణేశ్ బీడీ సంస్థ కణ్ణూరు ప్రాంతమున పని నిలిపివేసినది. వేలకొలది కార్మికులు వీథిన పడిరి; వారికై 1969లో దినేశ్ బీడీ సహకార సంఘము వెలసినది. చట్టము దేశమంతటికి ఒక్కటే. పని పారిపోయినది చట్టమునుండి కాదు, అమలునుండి.

దీనికి భిన్నమైనది పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచిలోని కియా కార్ల కర్మాగారము. 2017లో ఒడంబడిక జరిగి, 2019లో ఉత్పత్తి ఆరంభమైనది. సాలుకు 3 లక్షల కార్ల సామర్థ్యముతో నిర్మించిరి. అచ్చట భూమి, గొల్లపల్లి జలాశయపు నీరు, రహదారి కూడివచ్చినవి. అట్టిది చేటతో లేచిపోవునది కాదు.

ఈ రెంటికి నడుమనున్నది కుట్టుమిషను. మన స్త్రీలకు సంబంధించినదియు అదియే. కర్ణాటకమున కనీస వేతనములను ప్రాంతములవారీగా నిర్ణయించుట చిరకాలముగా ఉన్నది. బెంగుళూరునకు ఎక్కువ, తాలూకాలకు తక్కువ. దుస్తుల కర్మాగారములు దొడ్డబళ్ళాపురము, గౌరీబిదనూరు, హిందూపురము వైపు సాగుటకు ఈ భేదమొక కారణము. పల్లెలలో పనివారు దొరకుట మరియొకటి. ఊరిలోనున్న స్త్రీకి ఇంటి అద్దె మిగులును, నిజమే. కాని కందిపప్పు, వంటనూనె ధరలు ప్రభుత్వపు ప్రాంతవిభజనను చూచి తగ్గవు.

2025 నవంబరు 21న 1948 నాటి కనీస వేతనముల చట్టము పోయి వేతన స్మృతి అమలులోనికి వచ్చినది. కేంద్రము నిర్ణయించు అట్టడుగు వేతనమునకు తక్కువగా ఏ రాష్ట్రమును నిర్ణయింపరాదు. ఆ మొత్తము ఎంతయన్నదానిపైననే బాగేపల్లి స్త్రీకి కలుగు ఫలము ఆధారపడియున్నది. ఆ దినముననే వచ్చిన మరియొక స్మృతివలన, విద్యుచ్ఛక్తితో నడచు పనిచోటు ‘ఫ్యాక్టరీ’ యగుటకు పూర్వము 10 మంది చాలియుండగా ఇప్పుడు 20 మంది కావలెను. చింతామణి, శిడ్లఘట్టలలో పట్టుదారము తీయు చిన్న కొట్టములకు ఇది స్వల్ప విషయము కాదు.

ఇంకొక మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున 108వ విభాగము, ప్రకటనలను ఇంగ్లీషుతోపాటు అధికసంఖ్యాకులైన పనివారికి తెలిసిన భాషలోను అంటింపవలెనని శాసించినది. బాగేపల్లిలో ఆ భాష ఏదియో వేరుగ చెప్పనక్కరలేదు.