కేంద్రకము కూడ మరుగునా?

నీటిని పొయ్యిమీద పెట్టినచో దాని ఉష్ణోగ్రత క్రమముగా పెరిగి 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నిలిచిపోవును. మంట మండుచున్నను, నీరంతయు ఆవిరి యగువరకు ఉష్ణమాపకములోని పాదరసము పైకి పోదు. అందుచున్న ఉష్ణము నీటి అణువులను విడదీయుటకే వ్యయమగును. దీనినే గుప్తోష్ణ మందురు. పరమాణు కేంద్రకమునందును ఇట్టి మార్పు కలుగునా?

కలుగునని భావించుటకు కారణము కలదు. కేంద్రకములోని ప్రోటానులు, న్యూట్రానులు చేరువలో నున్నపుడు ఆకర్షించుకొనును. మరీ సమీపించినచో వికర్షించుకొనును. ద్రవములోని అణువుల తీరును ఇట్టిదే. 1939లో నీల్స్ బోర్, జాన్ వీలర్ కేంద్రకమును ద్రవబిందువుగా భావించియే యురేనియము విచ్ఛిత్తిని వివరించిరి.

కేంద్రకమును వేడిచేయుటకు పొయ్యి చాలదు; మరియొక కేంద్రకముతో ఢీకొట్టించవలెను. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో బంగారు కేంద్రకములను కాంతివేగములో సుమారు 80 శాతము వేగముతో బంగారు రేకుపైకి పంపిరి. ఇంత సూక్ష్మవస్తువులో ఉష్ణమాపకము నుంచుట ఎట్లు? వెలువడిన హీలియము, లిథియము ఐసోటోపుల పాళ్ళు ఉష్ణోగ్రత ననుసరించి మారును. ఆ పాళ్ళే ఇచట ఉష్ణమాపకము.

1995లో ప్రకటించిన ఫలితము ఇది: ఒక్కొక్క కణమునకు చేరిన శక్తి 3 నుండి 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వరకు పెరిగినను, ఉష్ణోగ్రత సుమారు 5,800 కోట్ల డిగ్రీల వద్దనే నిలిచెను. అటుపిమ్మట మరల పెరిగెను. సూర్యుని కేంద్రమున నున్నది దాదాపు 1.5 కోట్ల డిగ్రీలే!

ఈ నడుమ జరుగున దేమి? తక్కువ వేడిలో కేంద్రకమునుండి కొలదిగా న్యూట్రానులు ఆవిరివలె వెలువడును. వేడి హెచ్చినకొలది కేంద్రకము వ్యాకోచించి పలుచబడును. అంతట నది ఏకరూపముగా నిలువలేక, అచ్చటచ్చట గుమికూడి పెక్కు తునకలుగా విడిపోవును. ఆ తునకలు ద్రవబిందువులు; వాని నడుమ తిరుగు విడి కణములు ఆవిరి. వేడి ఇంకను హెచ్చినచో తునకలును కరగి, విడి కణములును మిక్కిలి తేలికయైన కేంద్రకములును మిగులును.

అయినను పోలికకు హద్దు కలదు. చెంబెడు నీటిలో అణువులు లెక్కకు మించియుండును. బంగారు కేంద్రకములో కణములు 197 మాత్రమే. పైగా ప్రోటానుల విద్యుద్వికర్షణము దానిని చీల్చుటకు తోడ్పడును. డార్మ్‌స్టాట్ ప్రయోగమున శక్తి హెచ్చినకొలది మిగిలిన కేంద్రకము చిన్నదగుచుండెను. కనుక ఉష్ణోగ్రత నిలుచుట యొక్కటియే తగిన సాక్ష్యమా యను చర్చ చెలరేగెను. పిమ్మటి పరిశీలనలలో, ఉష్ణోగ్రత నిలుచు తావు కేంద్రక పరిమాణముతో మారుననియు, బరువైన కేంద్రకములలో నది తక్కువ యనియు తేలెను. నీటికివలె అన్నిటికిని ఒకే మరుగు స్థానము లేదు.

ఈ విచారణ ప్రయోగశాలతో ముగియదు. బృహత్తార కూలి సూపర్‌నోవాగా పేలునపుడు అందలి ద్రవ్యమును ఇట్లే వేడెక్కి, తునకలును విడి కణములును కలిసిన స్థితిలో నుండును. కనుక బంగారు రేకుపై నేర్చిన పాఠము నక్షత్రముల మరణమును గ్రహించుటకును ఉపకరించును.