తొండం వంపు చేతికెలా వస్తుంది?

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. చవితి దగ్గర పడుతోందంటే హైదరాబాదు ధూల్‌పేటలో ఏ సందు చూసినా వినాయకుళ్ళే, కాలు పెట్టను చోటుండదు. నిజాముల కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధీల కుటుంబాలు చాలా ఉన్నాయక్కడ. తండ్రి పక్కన కొడుకు, ఉస్తాద్ పక్కన కుర్రాడు, అలా చూస్తూ చూస్తూనే పని నేర్చుకుంటారు.

కొత్త కుర్రాడికి ముందు చేతికిచ్చేది గరుకు కాగితం, ఆ తర్వాత తెల్లరంగు. "బొమ్మ చేసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెల్లగానే ఉంటుందిగా తాతా, మళ్ళీ తెలుపెందుకు?" అంటారేమో. మంచి ప్రశ్నే! ఆ పిండిలో నీళ్ళు పోసి కలిపితే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి, ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టిపడతాయి. అప్పుడు చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది కూడా. మిగిలిన నీరు ఆరిపోయాక లోపల కంటికి కనపడని సందులు మిగులుతాయి. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు అవి రంగులోని తడిని లాగేస్తాయి. ఇంకేముంది, రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. తెల్లపూత ఆ సందుల్ని మూసేస్తుంది. పైగా పలచటి రంగులోంచి లోపలికి పోయిన వెలుగు ఆ తెలుపుకి తగిలి వెనక్కొస్తుంది. పసుపు అంత నిగనిగలాడేది అందుకేనర్రా.

అసలు కష్టం తొండం మీద తీసే గీత దగ్గర. కుర్రాడు వేళ్ళతో గీస్తే వణుకుతుంది. ఉస్తాద్ ఊపిరి బిగబట్టి, భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలించి, కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో దించేస్తాడు. ఇది మాటల్తో చెప్పి నేర్పేది కాదు, చూసి పట్టుకోవాల్సిందే. చూస్తే ఎలా వస్తుందంటారా? 1990ల్లో ఇటలీలోని పార్మాలో శాస్త్రవేత్తలు కోతుల మెదడులో ఒక వింత కనిపెట్టారు. కోతి తాను గింజ అందుకున్నప్పుడు పనిచేసే కణాల్లో కొన్ని, వేరెవరో అందుకోవడం చూసినప్పుడు కూడా పనిచేశాయట! మనుషుల్లోనూ అంతే, ఒకరి చేతిపని చూస్తుంటే మన మెదడులో కదలికల భాగాలు మేలుకుంటాయి. ఆ తర్వాత చిన్నమెదడు అందుకుంటుంది. అనుకున్న వంపుకీ వచ్చిన వంపుకీ తేడా పట్టుకుని, తర్వాతి గీతలో కాస్త సరిచేస్తుంది. ఇలా దిద్దగా దిద్దగా ఇక ఆలోచించే పనే ఉండదు.

ఎక్కడో మంచుదేశం నార్వేలోనూ ఇదే తంతు. అక్కడి టెలిమార్క్ పల్లెల్లో 18వ శతాబ్దం నుంచి చెక్కపెట్టెల మీద తీగలూ పువ్వులూ వేస్తున్నారు, రోజ్‌మాలింగ్ అంటారు. అవిసెనూనె కలిపిన రంగులతో నేర్చుకునేవాళ్ళు ముందు సాధన చేసేది రెండే రెండు వంపులు, నెలవంకలాంటిదొకటి, మన గణపయ్య తొండంలా మెలిక తిరిగేదొకటి. గురువు పక్కన కూర్చుని అవే వేస్తూ పోతారు.

ఇంకో ముచ్చట. నిద్రలో కూడా మెదడు పగటి సాధనని పదిలపరుస్తుంది. కాబట్టి పలకలు తీసుకురండి. ఇవాళ నాలుగు మెలికలు వేసి పడుకోండి, పొద్దున లేచి మళ్ళీ వేద్దురుగాని.