కోత మిషన్ తీరు మైక్రోస్కోపు

వరి కోతలప్పుడు కంట్ల పొట్టు పడితే ఆకు పసరు పోసుకునేటోళ్లను మా ఊర్లె నేను చూసిన. గీసుకపోయిన తాన ఫంగస్ చేరితే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేస్తది. ఆలస్యమైతే చూపే పోతది.

ఆ పుండును కొంచెం గీకి మామూలు మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ దారప్పోగుల్లెక్క కనవడతది. కానీ అది కంటి లోపలి పొరలల్లకు ఎట్ల దిగుతదో, మందు ఎందుకు పనిచెయ్యదో తెలవాల్నంటే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కావాలె. అర మిల్లీమీటరు మందముండే కార్నియాను కొయ్యకుంటనే, లేజర్ వెలుగుతోని పొర తర్వాత పొర ఫొటో తీస్తది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు ఈ ఫంగస్ మీద ఏండ్ల సంది పనిజేస్తున్నరు. అసొంటి మిషన్ల ధర కోట్లల్ల ఉంటది.

మరి కోత మిషన్ ఇంటికొకటి కొంటున్నమా? గంటకింత అని కిరాయికి తెచ్చుకుంటం, నడిపేటోడు దానెంబడే వస్తడు. షేర్డ్ ఇమేజింగ్ ఫెసిలిటీ గట్లనే. మిషన్ ఒక్కటి, నేర్పున్న ఆపరేటర్, వంతులేసుకొని వాడుకునే పరిశోధకులు ఎందరో. ఏ పరికరం యాడున్నదో చూసి బుక్ చేసుకునేతందుకు కేంద్రం 2020ల ఐ-స్టెమ్ పోర్టల్ తెచ్చింది.

ప్రజల సొమ్ముతోని కొన్న మిషన్ తాళమేసిన గదిల ఉండొద్దు. సైన్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పోర్టల్ గురించి మీ సార్లను అడుగుండ్రి. కంట్ల పొట్టు పడితే మాత్రం పసరు ముట్టకుండ్రి, సీదా కంటి డాక్టర్ తానికి పోండ్రి.