బూటులో దూరని కాలు

సోమవారం పొద్దున డబ్లిన్ సైటులో సేఫ్టీ బూటులోకి కాలు దూరలేదు. బొటనవేలు వాచి నిప్పులా మండుతోంది. జీపీ గౌట్ అన్నారు. యూరిక్ యాసిడ్ 520! ఫోన్లో చెబితే నాన్న హడలిపోయారు. ఇక్కడ మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. మన లెక్కలో 8.7 మిల్లీగ్రాములు. గౌట్ ఉన్నవాళ్ళకి ఆరులోపు ఉండాలి.

శని, ఆదివారాలు మటనూ బీరూ, పనిలో నీళ్ళు తాగకపోవడం - తప్పు మనదే.

అమెరికా ఆరోగ్య సర్వే (2001-14) వివరాలు చూస్తే, తిండిలో మెగ్నీషియం ఎక్కువున్నవాళ్ళలో యూరిక్ యాసిడ్ సమస్య తక్కువగా కనిపించింది. అలాగని అదే మందని రుజువు కాలేదు. రాగులు, పెసలు, పాలకూర, గుమ్మడి గింజల్లో మెగ్నీషియం బాగా ఉంటుంది. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరునడక్కుండా మెగ్నీషియం బిళ్ళలు వేసుకోవద్దు.

ఇప్పుడు నా డబ్బాలో రాగి సంగటి, పక్కన నీళ్ళ సీసా. జీపీ ఇచ్చిన మాత్ర మానలేదు. బూటులోకి కాలు హాయిగా దూరుతోంది.